ఆ వదులుకోలు పత్రం ఎవరు వ్రాయించారు?

ప్రభుత్వ కార్యాలయాల్లోనూ, ప్రైవేటు కంపెనీల్లోనూ పై కుర్చీల్లో ముస్లిం స్త్రీలు ఎందుకు కనిపించరని ఎవరినైనా అడిగి చూడండి. ‘ప్రతిభ ఉంటే ఎవరాపారు?’ అని కొందరు, ‘అవకాశం ఇచ్చామండీ, వాళ్ళే వద్దన్నారు’ అని మరికొందరు జవాబిస్తారు. మొదటి జవాబు అహంకారం. రెండవది అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే దానికి కాగితం మీద సాక్ష్యం ఉంటుంది. అటువంటి సాక్ష్యం ఒకటి నా చేతులతోనే వ్రాసి ఉన్నాను గనుక, ముందుగా నా ఒప్పుకోలును పాఠకుల ముందుంచడం న్యాయం.

చాలా ఏళ్ళ క్రిందట, పశ్చిమ ప్రకాశంలోని ఒక కార్యాలయంలో నేను సిబ్బంది వ్యవహారాల సెక్షన్ చూస్తుండేవాణ్ణి. అక్కడ ఒక ముస్లిం సోదరి జూనియర్ అసిస్టెంటుగా పనిచేసేది. భర్త ఉద్యోగంలో ఉండగానే మరణించడంతో కారుణ్య నియామకం క్రింద వచ్చిన మనిషి. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. తెల్లవారక ముందే ట్యాంకరు దగ్గర బిందెలు నింపుకొని, వంట ముగించి, పదిన్నరకు ముందే బల్ల దగ్గర ఉండేది. ఆమె వ్రాసిన నోటును పై అధికారి దిద్దవలసి రావడం నేను చూడలేదు. ఆదివారాలు, పండుగలు చదువుకు వెచ్చించి శాఖాపరమైన పరీక్షలు గట్టెక్కింది. కొన్నాళ్ళకు సీనియారిటీ జాబితాలో ఆమె వంతు వచ్చింది. సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతి, పోస్టింగు మాత్రం జిల్లాకు మరో కొసన. అదే హోదాలో ఉన్న ఊళ్ళోనే ఒక ఖాళీ ఉన్నది. దానికి అప్పటికే వేరొకరి సిఫారసు చేరి ఉన్నది.

ఒక మధ్యాహ్నం ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, ‘భాయ్, ప్రమోషన్ వద్దని కాగితం రాయాలంట. ఎట్లా రాయాల?’ అని అడిగింది. ‘ఎవరన్నారమ్మా?’ అన్నాను. ‘ఇంట్లో మా మరిది అన్నాడు. ఇక్కడ సారు కూడా అదే నీకు మంచిదన్నారు’ అన్నది. నేను మారు మాట్లాడకుండా తెల్లకాగితం తీసి, అలవాటైన దస్తూరిలో వ్రాసి ఇచ్చాను: నా కుటుంబ పరిస్థితుల దృష్ట్యా, ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ పదోన్నతిని వదులుకొనుచున్నాను. ఆమె రెండుసార్లు చదువుకొని సంతకం పెట్టింది. ‘షుక్రియా భాయ్’ అని కూడా అన్నది. ఆ ‘షుక్రియా’ నన్ను ఈనాటికీ వదలలేదు.

ఆమె చివరిదాకా అదే కుర్చీలో పనిచేసి రిటైరయింది. ఆమె తర్వాత చేరినవారు ఆమెకు పై అధికారులయ్యారు. ఆమె సర్వీసు రిజిస్టరు తెరిచి చూసినవారికి ఏ అన్యాయమూ కనిపించదు. కనిపించేది ‘ఇష్టపూర్వకముగా’ అన్న ఒక్క మాట. ఆ మాట ఆమెది కాదు, నాది.

తలుపు ఒకటి, మెట్లు వేరొకటి

ఇదంతా ఒక వ్యక్తి దురదృష్టమని తీసివేయడానికి వీల్లేదు. రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో 28వ నియమం ఉద్యోగి తన హక్కును వ్రాతపూర్వకంగా వదులుకోవచ్చునని చెబుతుంది. కాని పదోన్నతిని కొంతకాలానికి మాత్రమే వదులుకోవడం కుదరదు. ‘పిల్లలు పెద్దయ్యేదాకా రెండేళ్ళు ఆగండి’ అనడానికి అందులో చోటు లేదు. ఈ నియమం స్త్రీ పురుషులిద్దరికీ సమానమే. అయితే పసిపిల్లల కారణంగా, అత్తమామల జబ్బు కారణంగా, భర్త ఉద్యోగం మరో ఊళ్ళో ఉన్న కారణంగా పదోన్నతిని వదులుకున్న పురుషులను నా సర్వీసులో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. సమానంగా వ్రాసిన నియమం సమానంగా తగలదు. పైగా పోయేది హోదా ఒక్కటే కాదు. పాత పింఛను విధానంలో చివరి జీతాన్ని బట్టి పింఛను లెక్కకట్టేవారు గనుక, ఆ కాగితం మీది సంతకం ముసలితనం వరకు ఆమెను వెంటాడుతుంది.

మా ప్రాంతంలో ఈ భారం మరింత ఎక్కువ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను తెచ్చి కలిపారు. తరువాత ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. మూడు జిల్లాల అంచులు కలిపి కుట్టిన ఆ బొంతలో జిల్లా కేంద్రం తూర్పున సముద్రానికి దగ్గరగా ఉండేది. మెట్ట భూములు, కరువు, ఫ్లోరైడు నీళ్ళు పడమరన ఉన్నాయి. నా ఉద్యోగకాలంలో శాఖాపరమైన పరీక్ష వ్రాయాలంటే ఒంగోలు పోవలసిందే. గిద్దలూరు నుంచి అది వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. మగవాడు ముందురోజు బస్సెక్కి, లాడ్జీలో పడుకొని, పరీక్ష వ్రాసి వచ్చేవాడు. ఆడమనిషి ఒంటరిగా లాడ్జీలో దిగితే ఊరు ఏమంటుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. పరీక్ష తప్పినవారిలో ఎందరు తెలివి తక్కువై తప్పారో, ఎందరు బస్సు తప్పి తప్పారో ఏ రిజిస్టరులోనూ వ్రాయలేదు.

రిజర్వేషన్లు ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి, ఎంతవరకు ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం తెగలకు బీసీ-ఇ క్రింద 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. హైకోర్టు 2010లో దాన్ని కొట్టివేయగా, అదే ఏడు సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది నిలిచింది. నూర్‌బాషా, దూదేకుల సోదరీమణులు అంతకు ముందునుంచే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబాల ఆడపిల్లలు ఆ రెంటిలోనూ లేరు. ఇక స్త్రీలకు ప్రభుత్వ నియామకాల్లో 1984లో 30 శాతం కేటాయించారు; సుప్రీంకోర్టు 1995లో ఆ నియమాన్ని సమర్థించింది; తరువాత అది మూడోవంతు అయింది. ఈ రెండు ఏర్పాట్లవల్ల మన ఆడపిల్లలు ఉపాధ్యాయినులుగా, గుమాస్తాలుగా, నర్సులుగా, సచివాలయ ఉద్యోగినులుగా లోపలికి వచ్చారు. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాను.

అయితే ఈ రెండూ ప్రవేశానికి సంబంధించినవి. ఇంద్రా సాహ్నీ కేసులో 1992లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పదోన్నతుల్లో రిజర్వేషన్ చెల్లదన్నది. 1995లో 77వ రాజ్యాంగ సవరణ షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఆ హక్కును తిరిగి ఇచ్చింది. అది వారికి దక్కవలసిన న్యాయం. దళిత సోదరీ సోదరుల హక్కును చూసి అసూయపడేవాడు మన ఉద్యమంలో ఉండదగడు. చెప్పదలచినదేమిటంటే, వెనుకబడిన తరగతులకు పదోన్నతిలో ఆ రక్షణ లేదు. స్త్రీలకు ఇచ్చిన మూడోవంతు కూడా నియామకం దగ్గరే ఆగిపోతుంది. కనుక బీసీ-ఇలోని స్త్రీకి ప్రభుత్వం తలుపు తీసింది గాని, లోపల మెట్లు కట్టలేదు. మెట్లు లేని మేడలో ‘పైకి ఎందుకు రాలేదు?’ అని అడగడం ఎటువంటి న్యాయం?

రెంటికీ చెడ్డ రేవడి

సచార్ కమిటీ 2006 నివేదికను మన పత్రికలు ఎన్నోసార్లు చర్చించాయి. దేశ జనాభాలో 13.4 శాతంగా ఉన్న ముస్లింలు ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం ఉన్నారని, రైల్వేలో 4.5 శాతం ఉన్నా వారిలో 98.7 శాతం మంది క్రింది స్థాయి ఉద్యోగాల్లోనే ఉన్నారని అది చెప్పింది. ఆ చివరి అంకెను మళ్ళీ చదవండి. లోపలికి రావడం ఒక సమస్య అయితే, వచ్చినవారు వచ్చినచోటనే ఉండిపోవడం అంతకంటే లోతైన సమస్య. కాని ఇవి ముస్లింల అంకెలు, ముస్లిం స్త్రీల అంకెలు కావు. స్త్రీల నివేదికలు తీస్తే అక్కడ ఉన్నవి స్త్రీల అంకెలు. మన సోదరి ఈ రెండు పట్టికల నడుమ ఎక్కడో జారిపోయింది.

ఈ జారిపోవడాన్ని అమెరికాలో నల్లజాతి స్త్రీలు మనకంటే ముందు గుర్తించి, దానికి న్యాయస్థానంలో రూపం ఇచ్చారు. జనరల్ మోటార్స్ కంపెనీపై సెయింట్ లూయిస్‌లో అయిదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన కేసు సిబ్బంది సెక్షన్లలో పనిచేసే ప్రతివారూ తెలుసుకోదగినది. డిగ్రాఫెన్‌రీడ్ కేసుగా అది ప్రసిద్ధం. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. ఆ తర్వాత తీసుకొన్నది. మాంద్యం వచ్చినప్పుడు సీనియారిటీ ప్రకారం, చివర చేరినవారిని ముందుగా తొలగించింది. 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ ఉద్యోగాలు కోల్పోయారు. సీనియారిటీ జాబితాలో జాతి ప్రసక్తి లేదు, స్త్రీ పురుష భేదమూ లేదు. చూడడానికి నీటుగానే ఉన్నది.

1976లో న్యాయస్థానం ఏమన్నది? కంపెనీ స్త్రీలను ఎప్పటినుంచో తీసుకుంటూనే ఉన్నది గనుక స్త్రీలపట్ల వివక్ష లేదన్నది. ఆ స్త్రీలందరూ తెల్లవారు. జాతి వివక్ష గురించి నల్లజాతి ఉద్యోగులు వేసిన వేరే కేసుతో కలుపుకొమ్మన్నది. నల్లవారు, స్త్రీలు అనే రెండింటినీ కలిపి కొత్త వర్గాన్ని సృష్టించలేమన్నది. స్త్రీల వరుసలో నిలబడితే ‘నీ వారికి న్యాయం జరిగింది, పో’ అన్నారు. నల్లవారి వరుసలో నిలబడితే అక్కడి లెక్క మగవారి లెక్క. రెంటికీ చెడ్డ రేవడి అని మన పెద్దలన్నది ఇటువంటి స్థితినే. ఈ తీర్పును ముందుంచుకొని 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర ఆచార్యురాలు, రెండు వివక్షలు కలిసేచోట నిలబడ్డ మనిషి దెబ్బను విడివిడి కొలతలు కొలవలేవని వాదించింది. ఆమె పెట్టిన పేరు నేడు ప్రపంచంలోని ఎన్నో విశ్వవిద్యాలయాల్లో వినిపిస్తున్నది.

ఇప్పుడు మన కార్యాలయానికి రండి. ‘మా దగ్గర స్త్రీ సూపరింటెండెంట్లు ఉన్నారు’ అంటారు, నిజమే. ‘ముస్లిం అధికారి కూడా ఉన్నాడు’ అంటారు, అదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య నా సహోద్యోగి ముప్పై ఏళ్ళు జూనియర్ అసిస్టెంటుగా కూర్చున్నది.

కంపెనీ మెట్ల మీద

ప్రభుత్వంలో కనీసం సీనియారిటీ జాబితా అనే కాగితం ఉన్నది. ప్రైవేటు రంగంలో అదీ లేదు. మన పొదిలి, మార్కాపురం, గిద్దలూరు, కంభం ఆడపిల్లలు నేడు ఇంజనీరింగు చదివి హైదరాబాదు, బెంగళూరు చేరుతున్నారు. పలకల గనుల్లో, బీడీల పనిలో తల్లిదండ్రులు అరిగిపోయి చదివించిన పిల్లలు. వారికి ఎదురయ్యేది ఏమిటో 2022లో లెడ్ బై ఫౌండేషన్ అనే సంస్థ పరీక్షించి చూపింది. అర్హతలు సమానంగా ఉన్న రెండు ఊహా దరఖాస్తులు తయారు చేసి, ఒకదానికి ప్రియాంకా శర్మ అని, రెండోదానికి హబీబా అలీ అని పేరు పెట్టి, దాదాపు వెయ్యి ఉద్యోగాలకు పంపారు. ప్రియాంకకు 208 అనుకూల జవాబులు వచ్చాయి. హబీబాకు 103. చదువు ఒకటే, అనుభవం ఒకటే, ఇద్దరూ స్త్రీలే. పేరు మారగానే జవాబులు సగమైపోయాయి. ‘ప్రతిభ ఉంటే ఎవరాపారు?’ అని అడిగేవారు ఈ రెండు అంకెలకు జవాబు చెప్పి తర్వాత మాట్లాడాలి.

ఇది గుమ్మం దగ్గరి సంగతి. గుమ్మం దాటిన తర్వాత మెట్లు ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం నిర్ణీత కంపెనీల బోర్డులో కనీసం ఒక స్త్రీ డైరెక్టరు ఉండాలన్నది. చాలా కుటుంబ కంపెనీలు యజమాని భార్యనో కూతురునో కూర్చోబెట్టి చట్టాన్ని తృప్తిపరచాయి. అందువల్ల సెబీ మరో అడుగు వేసి, పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో స్వతంత్ర స్త్రీ డైరెక్టరు ఉండాలని 2019 నుంచి అమలు చేసింది. మంచిదే. అలాగే పెద్ద లిస్టెడ్ కంపెనీలు తమ సిబ్బందిలో స్త్రీలెందరో, వికలాంగులెందరో ఏటా ప్రకటించాలి. అదీ మంచిదే. ఆ పత్రంలో ముస్లిం స్త్రీ, దళిత స్త్రీ, ఆదివాసీ స్త్రీ ఎక్కడ? ‘స్త్రీ’ అన్న ఒక్క గడిలో అందరూ ఉన్నారనుకోవాలి. ఆ గడి నిండా ఎవరున్నారో అడిగే హక్కు మాత్రం మనకు లేదు.

బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేసే మా ఊరి అమ్మాయి ఒకసారి నాతో అన్న మాటలు చెబుతాను. ‘అంకుల్, పని మొత్తం నాతో చేయిస్తారు. క్లయింటు ముందు మాట్లాడేటప్పుడు ఇంకొకరిని కూర్చోబెడతారు. అడిగితే, నీ స్కార్ఫు చూసి వాళ్ళేమనుకుంటారో అని నవ్వుతూ అంటారు. టీమ్ లీడ్ అడిగితే, పెళ్ళయ్యాక మీవాళ్ళు ఉద్యోగం చేయనిస్తారా అని అడుగుతారు.’ ఆమెను ఎవరూ తిట్టలేదు, ఎవరూ తొలగించలేదు. చూపించడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. నా సహోద్యోగి చేత కనీసం సంతకం పెట్టించారు. ఈ అమ్మాయి వదులుకోలు పత్రాన్ని సంతకం అడగకుండానే వాళ్ళే నింపుకున్నారు.

అమెరికాలో ఉర్సులా బర్న్స్ అనే నల్లజాతి స్త్రీ 1980లో వేసవి శిక్షణార్థిగా జెరాక్స్ కంపెనీలో చేరి, 2009లో దాని అధిపతి అయింది. అక్కడి అయిదువందల అతిపెద్ద కంపెనీల్లో ఒకదానికి అధిపతి అయిన తొలి నల్లజాతి స్త్రీ ఆమే. చేరిన దగ్గరనుంచి పైదాకా ఇరవై తొమ్మిదేళ్ళు. ఆమె దిగిపోయిన తర్వాత ఆ స్థాయిలో మరో నల్లజాతి స్త్రీ శాశ్వత నియామకం పొందడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. ఒకరు ఎక్కితే దారి పడిందని పత్రికలు వ్రాశాయి. దారి పడలేదు, ఒక మనిషి ఎక్కింది, అంతే.

మన దేశంలో జస్టిస్ ఫాతిమా బీవీ కథ కూడా ఇదే చెబుతుంది. ఆమె 1958లో కేరళలో మున్సిఫ్‌గా చేరింది. సబ్ జడ్జి, జిల్లా జడ్జి, హైకోర్టు న్యాయమూర్తి అని ఒక్కొక్క మెట్టూ ఎక్కి, 1989లో సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి అయింది. ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో స్త్రీలకు దారి తెరిచినది ఒక ముస్లిం స్త్రీ అని మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆమె 1992లో పదవీ విరమణ చేసింది. ఆ తర్వాత అనేకమంది స్త్రీలు ఆ పీఠం మీద కూర్చున్నారు. వారిలో మరో ముస్లిం స్త్రీ లేదు. మనకు చూపించుకోవడానికి ఒక ఫోటో మిగిలింది.

ఇంట గెలవనిదే

ఇంతవరకు చదివి తల ఊపిన సోదరులు ఇకమీద కూడా చదవాలని కోరుతున్నాను. నా సహోద్యోగి కాగితాన్ని వ్రాయించినవారు ఇద్దరు: పై అధికారి ఒకరు, మరిది ఒకరు. నేను వ్రాసిపెట్టిన మూడవవాణ్ణి. అధికారి మన సమాజం వాడు కాడు. మిగిలిన ఇద్దరమూ మనవాళ్ళమే.

‘పిల్ల మేనేజరయితే రిష్తాలు రావు’ అనే మాట ఏ కంపెనీ యజమానీ అనలేదు. అది మన ఇళ్ళలో పుట్టిన మాట. ‘టీచరు ఉద్యోగమైతే సరే, హెడ్మాస్టరు పదవి ఎందుకు, మగవాళ్ళకు పని చెప్పాలి గదా’ అన్న పెద్దమనిషి మస్జిదులో నా ప్రక్క సఫ్‌లో నిలబడేవాడు. జీతం తెస్తే అభ్యంతరం లేదు, అధికారం వస్తేనే అభ్యంతరం. ఈ ధోరణికి దీన్ పేరు పెట్టేవారిని ఒక్క ప్రశ్న అడుగుతాను. మక్కాలో బిడారులు పంపి వ్యాపారం నడిపినది హజ్రత్ ఖదీజా (రజి) గదా? ఆమె తన సరుకు అప్పగించి వ్యాపారానికి పంపినవారిలో మన ప్రవక్త (స) ఉన్నారు గదా? స్త్రీ యాజమాన్యం క్రింద పనిచేయడం ఆయనకు చిన్నతనం కాలేదు. మన మరుదులకు ఎందుకయింది?

సంస్థల సంగతి చూద్దాము. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1920లో ఏర్పడినప్పుడు దాని తొలి చాన్సలర్ భోపాల్ పాలకురాలు సుల్తాన్ జహాన్ బేగం. అదే విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి మహిళా వైస్ చాన్సలరుగా నయీమా ఖాతూన్ 2024లో వచ్చారు. నూటనాలుగేళ్ళు! రాజవంశంలో పుట్టిన స్త్రీని గౌరవ పీఠం మీద కూర్చోబెట్టడం మనకు తెలుసు. ఉద్యోగంలో చేరి మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చిన స్త్రీ చేతికి తాళాలు ఇవ్వడానికి శతాబ్దం పట్టింది. మన జిల్లాలోని షాదీఖానా కమిటీల్లో, మస్జిద్ కమిటీల్లో, మైనారిటీ సంఘాల కార్యవర్గాల్లో స్త్రీలెందరో ఎవరికివారు లెక్కపెట్టుకోండి. నేను పనిచేసే సంఘంలో ‘మహిళా విభాగం’ అని ఒకటి ఉన్నది. నిధుల లెక్క మాత్రం మగవారి దగ్గర ఉన్నది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మన సంఘంలో కోశాధికారిగా ఒక స్త్రీని ఒప్పుకోలేని మనం, ఏ ముఖంతో సెబీకి వినతిపత్రం ఇస్తాము?

ఇంటి తప్పు ఉన్నదని చెప్పి కార్యాలయం తప్పును కడిగివేయకూడదు. ‘మీ మతంలోనే అలా ఉన్నది గదా’ అనే అధికారులు ఈ పేరాలను కత్తిరించి అతికించుకోవద్దు. 2001 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటుకంటే ఎక్కువగానే ఉన్నది. చదివించుకున్నాము. చదివించిన తర్వాత ఎదురైన గోడ గురించి ఇక్కడ మాట్లాడుతున్నాము.

అడగవలసినవి

విచారం ప్రకటించి ఊరుకుంటే ప్రయోజనం లేదు. నాకు తెలిసిన పని కాగితం పని గనుక, కాగితం మీద పెట్టగలిగిన కోరికలనే ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది లెక్క. ప్రతి శాఖ, ప్రతి కేడరులో, స్త్రీలెందరు, వారిలో ఏ తరగతివారెందరు అనే పట్టికను ఏటా ప్రకటించాలి. ప్రభుత్వం ప్రకటించేదాకా ఆగనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉన్నది. మండలానికి ఇద్దరు చదువుకున్న యువతీ యువకులు పూనుకుంటే, జూనియర్ అసిస్టెంటు నుంచి తహసీల్దారు దాకా, టీచరు నుంచి విద్యాశాఖాధికారి దాకా సీనియారిటీ జాబితాలు తెప్పించి లెక్కకట్టవచ్చు. లెక్కలేని బాధను ఏ ప్రభుత్వమూ వినదు.

రెండవది 28వ నియమం. స్త్రీ ఉద్యోగి కుటుంబ కారణం చూపినప్పుడు పదోన్నతిని రెండేళ్ళు వాయిదా వేసుకొనే వీలు కల్పించాలి. వదులుకోలు పత్రం ఇచ్చే ముందు ఆమెను ఒంటరిగా పిలిచి, దగ్గరలో ఖాళీలు ఏవున్నవో చూపి, ఆ చూపిన సంగతిని ఫైలులో వ్రాయాలి. ‘ఇష్టపూర్వకముగా’ అన్న మాటకు అప్పుడు అర్థం ఉంటుంది.

మూడవది, శాఖాపరమైన పరీక్షల కేంద్రాలు జిల్లా కేంద్రాలకే పరిమితం కాకుండా కనిగిరి వంటి రెవెన్యూ డివిజన్ కేంద్రాల్లోనూ శాశ్వతంగా ఉండాలి. కోట్లు ఖర్చయ్యే పని కాదిది. ఒక కళాశాల భవనం, రెండు రోజుల ఇన్విజిలేషను చాలు.

నాలుగవది కంపెనీల విషయం. సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్‌ను సిఫారసు చేసింది. దాని రూపురేఖలు తేల్చడానికి వేసిన ఆచార్య మాధవ మేనన్ నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్ పుట్టనే లేదు. ప్రైవేటు రంగంలో నియామకం, పదోన్నతి రెండింటిలోనూ పేరును బట్టి, దుస్తులను బట్టి వివక్ష జరిగిందని చెప్పుకోవడానికి ఒక చోటు కావాలి. దళిత, ఆదివాసీ, క్రైస్తవ సోదరీమణులతో కలిసి అడగవలసిన కోరిక ఇది. ఒంటరిగా అడిగితే మళ్ళీ ‘రెంటికీ చెడ్డ’ వరుసలోనే నిలబడతాము.

అయిదవది మనది. ఈ పత్రిక చదివే ప్రతి సంఘమూ వచ్చే ఎన్నికల్లో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పదవుల్లో ఒకదాన్ని స్త్రీకి ఇవ్వాలి. మహిళా విభాగం అనే ప్రక్క గది చూపించి తప్పించుకోకూడదు.

రిటైరయిన తర్వాత నా దగ్గరకు కాగితాలు వ్రాయించుకోవడానికి చాలామంది వస్తుంటారు. పింఛను కాగితాలు, వక్ఫ్ అర్జీలు, స్కాలర్‌షిప్పు ఫారాలు, సమాచార హక్కు దరఖాస్తులు. రుసుము లేదు, కూర్చోవడానికి ఒక బల్ల ఉన్నది. పొదిలిలోనే ఉంటాను. పదోన్నతి వచ్చి, పోస్టింగు దూరమయిన ఏ సోదరి అయినా రావచ్చు. దగ్గరి ఖాళీ కోరుతూ అభ్యర్థన వ్రాస్తాను. కుదరదంటే పై అధికారికి అప్పీలు వ్రాస్తాను. ఇంట్లో ఒప్పుకోకపోతే ఆమె మరిదితో మాట్లాడడానికి నేనే వస్తాను. ఒక్క వదులుకోలు పత్రం తప్ప, ఏ పత్రమైనా వ్రాసి ఇస్తాను.

— ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి, పొదిలి